పాత కారులో వేరే ఇంజిన్: ఆర్సీలో నమోదు చేయించుకునే విధానం

పదిహేనేళ్లు దాటిన కారుకు రిజిస్ట్రేషన్ పునరుద్ధరణ కోసం ఫారం 25 పట్టుకుని రవాణా కార్యాలయానికి వెళ్లి, ఉత్త చేతులతో తిరిగి వచ్చేవాళ్లలో చాలామందిది ఒకటే కథ. బ్రేకులు బాగుంటాయి, లైట్లు వెలుగుతాయి, పన్ను బాకీ ఉండదు. ఎంవీఐ (మోటారు వాహనాల తనిఖీ అధికారి) బానెట్ ఎత్తి చూస్తే మాత్రం ఆర్సీలో ఒక నంబరు, ఇంజిన్ మీద మరో నంబరు. ఎప్పుడో పాత యజమాని పెట్రోల్ అంబాసిడర్‌లో మెటాడోర్ వ్యాను డీజిల్ ఇంజిన్ బిగించి ఉంటాడు. కాగితాల సంగతి ఎవరూ పట్టించుకుని ఉండరు. అదే సమయానికి "నేను చూసుకుంటానండీ" అంటూ ఒక మనిషి పక్కన చేరతాడు. ఆయన చూసుకునేదేమిటో తరువాత చెబుతాను.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 52వ సెక్షన్ ప్రకారం, తయారీదారు మొదట ఇచ్చిన వివరాలకు ఆర్సీ వివరాలు భిన్నమయ్యేలా వాహనాన్ని మార్చకూడదు. కేరళ నుంచి వచ్చిన ఒక కేసులో 2019 జనవరిలో సుప్రీంకోర్టు ఇదే విషయాన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది చట్ట సవరణతో వచ్చిన 182ఎ సెక్షన్ ప్రకారం, అనుమతి లేని మార్పు చేసిన యజమానికి ఆరు నెలల వరకు జైలు, లేదా ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా రెండూ పడవచ్చు.

కాబట్టి డబ్బు ఖర్చు పెట్టకముందే మీ కారు ఏ కోవలోకి వస్తుందో తేల్చుకోండి. అదే కంపెనీ, అదే మోడల్, అదే ఇంధనం, అదే సీసీ అయితే మారేది నంబరు ఒక్కటే, దారి సులువు. ఆ మోడల్‌ను కంపెనీయే వేరే ఇంజిన్‌తోనూ అమ్మి ఉంటే (1990లలో అంబాసిడర్‌కు ఇసుజు 1800 సీసీ పెట్రోల్ ఇంజిన్ వచ్చినట్టు) అడగడానికి ఒక ఆధారమైనా ఉంటుంది, నిర్ణయం మాత్రం అధికారిదే. ఇక వేరే కంపెనీ ఇంజిన్‌కు అనుమతి ఖాయమని ఎవరైనా మాట ఇస్తే అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి. సీఎన్‌జీ, ఎల్‌పీజీ, బ్యాటరీ కిట్ల సంగతి వేరు. వాటికి ఆమోదం పొందిన కిట్లు, వాటిని బిగించే అధీకృత కేంద్రాలు ఉన్నాయి.

యాభై ఏళ్లు దాటిన కారు ఉన్నవారికి ఇంకో మాట. 2021 నిబంధనల కింద వింటేజ్ రిజిస్ట్రేషన్ కావాలంటే ఛాసిస్, బాడీ, ఇంజిన్‌లలో పెద్ద మార్పు జరిగి ఉండకూడదు. ఇంజిన్ మార్చే ముందు ఆ అవకాశాన్ని వదులుకుంటున్నారేమో చూసుకోండి.

దరఖాస్తులో కష్టమేమీ లేదు. మీ నివాసం ఏ కార్యాలయం పరిధిలో ఉందో అక్కడ, వాహన మార్పు సేవ కింద ఆన్‌లైన్‌లో వివరాలు నింపి, ఫీజు కట్టి, స్లాట్ తీసుకోవాలి. ఆర్సీ, బీమా, కాలుష్య ధ్రువపత్రం, ఆధార్ ఎలాగూ ఉంటాయి. కారు ఫైనాన్సులో ఉంటే వాళ్ల రాతపూర్వక సమ్మతి తప్పనిసరి. అసలు తిరకాసంతా ఇంజిన్ బిల్లు దగ్గరే.

విజయవాడ ఆటోనగర్ లాంటి చోట వెతికితే దొరకని పాత ఇంజిన్ ఉండదు. ఇంజిన్‌తో పాటు చేతికి వచ్చే కాగితం మీద మాత్రం "పాత ఇంజిన్ ఒకటి" అని, కింద ఒక మొత్తం, ఒక సంతకం ఉంటాయి. ఆ కాగితం ఎందుకూ పనికిరాదు. ఏ కంపెనీ, ఏ మోడల్, పూర్తి ఇంజిన్ నంబరు, ఆ ఇంజిన్ ఏ బండిలోంచి తీశారో దాని రిజిస్ట్రేషన్ నంబరు, అమ్మినవారి పేరు, చిరునామా, జీఎస్టీ నంబరు, తేదీ అన్నీ బిల్లులో ఉండాలి. దానికి తోడు, ఇంజిన్ తీసిన బండి రిజిస్ట్రేషన్ రద్దయినట్టు పత్రమో, తుక్కు చేసినట్టు ధ్రువపత్రమో సంపాదించండి. డబ్బు చేతులు మారాక ఈ కాగితం అడిగితే దుకాణదారుకు మీ ముఖం కూడా గుర్తుండదు.

కొనేముందే ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) వారి ఆన్‌లైన్ సేవ 'వాహన్ సమన్వయ్'లో ఆ ఇంజిన్ నంబరు కొట్టి చూడండి. దొంగిలించిన వాహనాల జాబితాలో అది కనిపిస్తే అక్కడి నుంచి వచ్చేయండి, బేరం ఎంత బాగున్నా సరే.

నంబరును కంటితో చూసి రాసుకోవద్దు. కిరోసిన్ తడిపిన గుడ్డతో గ్రీజు, మసి తుడిచి, పలుచటి కాగితం ఆనించి పెన్సిల్‌తో రుద్దండి. 8 అనుకున్నది బీ కావచ్చు, సున్నా అనుకున్నది ఓ కావచ్చు. ఆ ప్రింటు పక్కన బిల్లు పెట్టి ఒక్కొక్క అక్షరం సరిచూసుకోండి. ఒక్కటి తేడా ఉన్నా బిల్లు అప్పుడే తిరగరాయించుకోండి. నంబరు చుట్టూ ఇనుము కొత్తగా గీరినట్టు, కొన్ని అంకెలు లోతుగా, కొన్ని పైపైన పడినట్టు ఉంటే ఆ ఇంజిన్ వదిలేయండి. "నేను చూసుకుంటాను" అన్న పెద్దమనిషి చేసేది సరిగ్గా ఇదే: మీ ఆర్సీలోని పాత నంబరును కొత్త ఇంజిన్ మీద కొట్టిస్తాడు. అది పట్టుబడిన రోజు ఆయన ఫోను ఎత్తడు. దొంగ బండి కేసులో సమాధానం చెప్పుకోవలసింది మీరు.

వైరింగ్ పని దీని తరువాతే మొదలుపెట్టండి. ఈసీయూ (ఇంజిన్‌ను నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టె) ఉన్న ఇంజిన్ అయితే ఆ ఈసీయూ, ఇమ్మొబిలైజర్ (సరైన తాళం చెవి లేకపోతే ఇంజిన్ అంటుకోకుండా ఆపేది), దాని తాళం చెవి, సెన్సర్లు, ఎక్కడా తెగని మొత్తం హార్నెస్ (వైర్ల కట్ట) అదే బండి నుంచి రావాలి. అవన్నీ అదే బిల్లులో రాయించండి. తాళం చెవి ఒక్కటి వదిలేసి వచ్చినా కొన్ని ఇంజిన్లు తిరుగుతాయి కానీ అంటుకోవు. పాత కారు వైర్లు కొత్త ఇంధన పంపు, ఫ్యాన్ లాగే కరెంటుకు సరిపోవు. వాటికి విడిగా రిలే, ఫ్యూజు పెట్టించండి. సైలెన్సర్ గొట్టం పక్కన టేపు చుట్టిన అతుకులు వేలాడుతుంటే తనిఖీలో అభ్యంతరం రావచ్చు, వచ్చినా తప్పు పట్టలేం. నిప్పు పుట్టేది అక్కడే.

తనిఖీ రోజు బిల్లు అసలు ప్రతి, పెన్సిల్ ప్రింటు, మీ కారులోంచి తీసేసిన ఇంజిన్ ఏమైందో చెప్పే రసీదు దగ్గర ఉంచుకోండి. ఎక్కువమంది మరిచిపోయేది ఆ చివరిదే. ఏదైనా లోపం చెబితే రాసి ఇమ్మని మర్యాదగా అడగండి. అలా అడగడం మీ హక్కు, దానివల్ల దరఖాస్తు ఆగిపోతుందేమోనని భయపడవద్దు.

ఇంజిన్ ఇప్పటికే మారిపోయి ఉంటే? మార్పు జరిగిన పద్నాలుగు రోజుల్లో తెలియజేయాలని అదే 52వ సెక్షన్ చెబుతోంది. గడువు దాటినా ఉన్నది ఉన్నట్టు రాసి దరఖాస్తు చేయడమే మేలు, రోడ్డు మీద పట్టుబడి చెప్పడం కన్నా. ఆ ఇంజిన్‌కు ఏ కాగితమూ దొరకకపోతే, ఆర్సీకి సరిపోయే రకం ఇంజిన్‌ను సరైన బిల్లుతో కొని బిగించుకోవడమే మిగిలిన దారి. ఖర్చే, కాదనను.

ఆర్సీలో కొత్త నంబరు ఎక్కాక రవాణా శాఖ యాప్ ఎంపరివాహన్‌లో ఒకసారి చూసుకుని, అదే రోజు బీమా కంపెనీకి రాసి పాలసీలో ఎండార్స్‌మెంట్ (మార్పు నమోదు) చేయించుకోండి. ప్రమాదం జరిగాక క్లెయిము వేస్తే సర్వేయరు ముందుగా చూసే వాటిలో ఇంజిన్ నంబరు ఒకటి.