కోడ్‌లో తేదీలు, 4వ పాఠం: అరిచే తప్పు, అరవని తప్పు

పోయిన పాఠం చివర ఒక చిన్న ఫైలు ఇచ్చి, అందులోని నాలుగు స్ట్రింగులను, అంటే ఉత్త అక్షరాలుగా ఉన్న విలువలను, పైథాన్‌లో నిజమైన తేదీలుగా మార్చమన్నాను. ఆ నాలుగూ ఇవి: 16/11/1937, 01/10/1953, 01/11/1956, 04/04/2022. కర్నూలు వాళ్లకు వీటిని పరిచయం చేయనక్కరలేదు. మొదటిది మద్రాసులో శ్రీబాగ్ ఒడంబడిక జరిగిన రోజు. రెండోది కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం ఏర్పడిన రోజు. మూడోది ఆంధ్రప్రదేశ్ ఏర్పడి రాజధాని హైదరాబాదుకు వెళ్లిపోయిన రోజు. నాలుగోది కర్నూలు జిల్లా నుంచి నంద్యాల విడివడిన రోజు. సొంత ఊరి మీద మమకారం కొంత ఉన్నమాట నిజమే గానీ, వీటిని ఎంచుకున్నది అందుకు కాదు. ఈ పాఠంలో సగం ఆ నాలుగు తేదీల్లోనే ఉంది.

కొత్తగా చేరినవారికి ఒక మాట. ఈ పాఠాల్లో కోడ్‌ను పక్కన కూర్చుని చదివి వినిపిస్తున్నట్టు రాస్తాను. ‘శాతం చిన్న ఎమ్’ అంటే కీబోర్డు మీద శాతం గుర్తు కొట్టి, ఆ వెంటనే చిన్న బడి ఎమ్ కొట్టాలి. ఇది చాదస్తం కాదు. కోడ్‌ను పైకి చదివే అలవాటు ఉంటే ‘చిన్న ఎమ్మా, పెద్ద ఎమ్మా’ అన్న అనుమానం నోటికి వస్తుంది. కళ్లతో చూసుకుంటూ పోతే రాదు. అది ఎంత పని చేస్తుందో కాసేపట్లో చూద్దాం.

స్ట్రింగును తేదీగా మార్చే ఫంక్షన్ స్ట్ర్‌పీటైమ్. అందులోని పీ అంటే పార్స్. తేదీని మళ్లీ స్ట్రింగుగా మార్చేది స్ట్ర్‌ఎఫ్‌టైమ్, ఎఫ్ అంటే ఫార్మాట్. ఈ రెంటినీ తారుమారు చేయని విద్యార్థిని నేను ఇంతవరకు చూడలేదు.

అభ్యాసంలో మిమ్మల్ని కావాలనే నెలను ముందు పెట్టమన్నాను: శాతం చిన్న ఎమ్, వాలుగీత, శాతం చిన్న డి, వాలుగీత, శాతం పెద్ద వై. అంటే నెల, రోజు, నాలుగంకెల సంవత్సరం. ఎక్కడినుంచో తెచ్చుకున్న ఉదాహరణల్లో తరచూ కనిపించేది ఈ అమెరికా వరుసే. నడిపితే మొదటి వరుసలోనే వాల్యూఎర్రర్ వచ్చి ఉంటుంది. 16/11/1937 అన్న సమాచారం మీరిచ్చిన ఫార్మాట్‌కు సరిపోవడం లేదు అని దాని సారాంశం. పదహారో నెల లేదు కదా, అదే దాని గోల.

ఇప్పుడు ఆ మొదటి వరుసను తీసేసి మళ్లీ నడపండి. ఏ గోలా లేదు. ప్రింట్ చేసి చూస్తే ఆంధ్ర రాష్ట్రం నెలలు నిండకుండానే 1953 జనవరి 10న పుట్టేసి ఉంటుంది. ఆంధ్రప్రదేశ్ 1956 జనవరి 11న వచ్చేసింది. నంద్యాల ఒక్కటే సరిగ్గా 2022 ఏప్రిల్ 4న ఉంది. నాలుగో నెల నాలుగో రోజును ఎటునుంచి చదివినా ఒకటే గనుక అది తప్పించుకుంది. ప్రోగ్రామును పరీక్షించడానికి 04/04/2022 లాంటి తేదీని వాడితే అన్నీ బాగున్నాయన్న భరోసాతో ఇంటికి వెళ్లి పడుకుంటారు.

ఏడాది మొత్తానికి లెక్క వేద్దాం. 365 రోజుల్లో ప్రతి నెలా 13వ తేదీ నుంచి మొదలయ్యే రోజులన్నీ కలిపితే 221. నెలను ముందు పెట్టి చదివితే ఇవన్నీ అరుస్తాయి. మిగిలిన 144లో 12 ఎటు చదివినా ఒకటే. ఇక 132 రోజులు మాత్రం కిక్కురుమనకుండా మరో రోజులోకి జారుకుంటాయి. ఎర్రర్ వచ్చిన 221 వరుసలను చూసి కంగారు పడనక్కరలేదు, అవి ఎక్కడున్నాయో తెలుస్తోంది. వెతకవలసినవి ఆ 132.

ఈ విషయం నాకు పుస్తకంలో కాదు, కర్నూలులో ఒక ఉల్లి వ్యాపారి కొట్లో తెలిసింది. 2024 అక్టోబరు మధ్యలో, మార్కెట్ యార్డులో ఉల్లి జోరుగా దిగుతున్న రోజుల్లో, వాళ్ల గుమాస్తా ఒక ఎక్సెల్ ఫైలు తెచ్చి చూపించాడు. నెలవారీ కొనుగోళ్ల పట్టిక తీసే చిన్న ప్రోగ్రాము నేనే రాసిచ్చాను. “సార్, మార్చిలో ఇంత ఉల్లి మనం ఎప్పుడు కొన్నాం?” అని అడిగాడు. పైగా నవంబరు, డిసెంబరు నెలల్లోనూ కొనుగోళ్లు ఉన్నాయి. అక్టోబరు ఇంకా సగమే గడిచింది.

ప్రోగ్రామును ఒక గంటసేపు తిరగేశాను, దొరకలేదు. అతనే ఫైలు తెరిచి, “ఈ తేదీలు కొన్ని ఎడమ గోడకు, కొన్ని కుడి గోడకు ఎందుకు అంటుకున్నాయి?” అన్నాడు. ఆ ప్రశ్నతో ముడి వీడింది. ఎక్సెల్ తనకు తేదీగా అర్థమైనదాన్ని ఒక సంఖ్యగా దాచుకుంటుంది. 1900 జనవరి 1ని 1గా మొదలుపెట్టి రోజులు లెక్కపెడుతూ పోతుంది. 2024 జనవరి 1 దాని లెక్కలో 45292. సంఖ్యలు కుడివైపుకు జరుగుతాయి. అర్థం కానిదాన్ని మామూలు అక్షరాలుగా వదిలేస్తుంది, అవి ఎడమవైపున ఉండిపోతాయి. ఆ కంప్యూటరులో ప్రాంతం సెట్టింగు అమెరికా అని ఉంది. గుమాస్తా 16/10/2024 అని కొడితే ఎక్సెల్‌కు అర్థం కాలేదు, ఎడమన పెట్టింది. 03/10/2024 అని కొడితే మాత్రం బాగా అర్థమైపోయింది. మార్చి 10 అనుకుని కుడివైపు పెట్టింది. నా ప్రోగ్రాము ముట్టుకోకముందే తేదీలు చెడిపోయి ఉన్నాయి.

ఇలాంటి ఫైలును బాగుచేసే పద్ధతి ఇది. ఎడమన అక్షరాలుగా మిగిలిపోయినవి గుమాస్తా కొట్టింది కొట్టినట్టే ఉన్నాయి, వాటిని రోజు ముందు పెట్టి చదవండి. కుడివైపు సంఖ్యలైపోయిన వాటిలో రోజును, నెలను తిరిగి తారుమారు చేయండి. అన్నిటికీ కలిపి ఒకే మందు వేస్తే సగం చస్తాయి. తారుమారు చేసే ముందు ఒకటి అడిగి తెలుసుకోవాలి: ఈ ఫైలులో ఎంతమంది, ఎన్ని కంప్యూటర్ల మీద రాశారు? రెండో కంప్యూటరులో సెట్టింగు భారతదేశం అని ఉంటే అక్కడ కొట్టినవి ముందే సరిగ్గా ఉంటాయి, వాటిని మీరు చెడగొట్టినవారవుతారు. ఈ జవాబు కోడ్‌లో దొరకదు, మనిషిని అడగాలి.

సరిచేశాక సరైనాయో లేదో తేల్చుకునే మార్గం కూడా ఆ కొట్లోనే దొరికింది. వాళ్లు ఆదివారం కొనుగోళ్లు చేయరు. స్ట్ర్‌ఎఫ్‌టైమ్‌కు శాతం పెద్ద ఏ ఇస్తే వారం పేరు చెబుతుంది. చెడిన ఫైలులో 2024 మార్చి 10 ఆదివారం. సరిచేసిన అక్టోబరు 3 గురువారం. ఆదివారం పడిన వరుసలు ఎన్నో, ఇంకా రాని తేదీలు ఎన్నో లెక్కపెట్టే రెండు వరుసల కోడ్ రాసుకోండి. రెండూ సున్నా రావాలి. సున్నా వచ్చినంత మాత్రాన అంతా సరైనదని కాదు, రాకపోతే మాత్రం తప్పు ఉన్నట్టే.

పైథాన్‌లో పట్టికల పనికి పాండాస్ అనే లైబ్రరీ వాడేవారు ఇక్కడ కాస్త ఆగాలి. 2023లో వచ్చిన 2.0కి ముందు అది ఒక్కో వరుసను ఒక్కో రకంగా చదివేది. 01/10ని జనవరి 10గానూ, 16/11ని నవంబరు 16గానూ ఒకే నిలువు వరుసలో పెట్టేది. ఇప్పుడు మొదటి విలువను చూసి ఒక ఫార్మాట్ ఊహించి, దానికి కుదరనిది వస్తే ఎర్రర్ ఇస్తుంది. మంచి మార్పు. కానీ ఆ ఎర్రర్‌ను వదిలించుకోవడానికి చాలామంది చేసేది ఎర్రర్స్ దగ్గర ‘కోయర్స్’ అని రాయడం. అప్పుడు కుదరని తేదీలన్నీ ఖాళీలైపోతాయి, నెల మొత్తంలో సగం పైన డబ్బు కనిపించకుండా పోతుంది. ఫార్మాట్ దగ్గర ‘మిక్స్‌డ్’ అని రాసి ఊరుకుంటే పాత రోగమే తిరిగొస్తుంది. రెండూ వద్దు. ఫార్మాట్‌ను మీరే పూర్తిగా రాసి ఇవ్వండి. ఇంకొందరు ట్రై పెట్టి రోజు ముందుగా చదివి, కుదరకపోతే ఎక్సెప్ట్‌లో నెల ముందుగా చదువుతారు. తెలివైన కోడ్‌లా కనిపిస్తుంది, నా దృష్టిలో అన్నిటికన్నా చెడ్డది అదే. ఏ వరుస ఏ దారిన వచ్చిందో ఆ తర్వాత చెప్పలేరు.

ఇక ఆ చిన్న ఎమ్, పెద్ద ఎమ్ సంగతి. పైథాన్‌లో శాతం చిన్న ఎమ్ నెల, శాతం పెద్ద ఎమ్ నిమిషం. రోజు, పెద్ద ఎమ్, సంవత్సరం అని రాసి 16/11/1937ను చదివించండి. ఎర్రర్ రాదు. వచ్చేది 1937 జనవరి 16, అర్ధరాత్రి దాటి 11 నిమిషాలు. నెల చెప్పలేదు గనుక జనవరి అనుకుంది, 11ను నిమిషాల్లోకి తోసింది. ఫైలులోని తేదీలన్నీ జనవరిలో పడి, వేళలన్నీ పన్నెండు దాటి పన్నెండు నిమిషాల లోపే ఉంటే పెద్ద ఎమ్‌ను అనుమానించండి. జావాలో ఇది సరిగ్గా తిరగబడుతుంది: నెలకు పెద్ద ఎమ్‌లు రెండు, నిమిషాలకు చిన్నవి రెండు. అక్కడే మరో గుంట. సంవత్సరానికి చిన్న వైలు నాలుగు రాయాలి. పెద్ద వైలు రాస్తే అది వారాల లెక్కన సాగే సంవత్సరం, 2024 డిసెంబరు 30ని 2025గా చూపిస్తుంది. ఏడాదంతా బాగా పనిచేసి చివరి రోజుల్లో చెడే ప్రోగ్రాము చూస్తే ముందు అక్కడికే వెళ్లండి.

పైథాన్‌లో చిన్న వై రెండంకెల సంవత్సరం. 16/11/1937కు దాన్ని ఇస్తే 19 వరకు తీసుకుని, మిగిలిన 37ను ఏం చేయాలో తెలియక ఆగిపోతుంది. ఆ మిగులు గురించి వచ్చే ఎర్రరే తేదీ చివర కంటికి కనిపించని ఖాళీ ఉన్నా వస్తుంది. స్ట్రిప్ పెడితే ఆ ఖాళీ పోతుంది. 16/11/37 అని రాసి ఉంటే మాత్రం ఆగదు, హాయిగా 2037 అంటుంది. 00 నుంచి 68 వరకు 2000లకు, 69 నుంచి 99 వరకు 1900లకు అని దాని నియమం. పెద్దవాళ్ల పుట్టినరోజులు రెండంకెల్లో ఉన్న ఫైలును దీనికి అప్పగిస్తే మీ తాతగారు ఇంకా పుట్టి ఉండరు.

వేళల దగ్గర మోసం ఒకటే గానీ గట్టిది. యార్డు గేటు దగ్గర లారీ లోపలికి వచ్చిన వేళ 11:40 ఏఎం, వెళ్లిన వేళ 04:30 పీఎం. గంటకు శాతం పెద్ద హెచ్ రాసి, చివర శాతం చిన్న పీ చేర్చారనుకుందాం. పీఎం ఉన్నట్టే చదువుతుంది, ఎర్రర్ ఇవ్వదు, కానీ దాన్ని లెక్కలోకి తీసుకోదు. పెద్ద హెచ్ అంటే 24 గంటల లెక్క, అక్కడ పీఎంకు పని లేదు. దాంతో 04:30 తెల్లవారుజామే అవుతుంది. లారీ రాకముందే ఏడు గంటల పది నిమిషాల క్రితం వెళ్లిపోయినట్టు వస్తుంది. పెద్ద హెచ్ బదులు 12 గంటల లెక్క అయిన పెద్ద ఐ రాస్తే నాలుగు గంటల యాభై నిమిషాలు, సరిపోయింది.

సరిచేసిన తేదీని తిరిగి దాచేటప్పుడు సంవత్సరం, నెల, రోజు వరుసలో అడ్డగీతలతో రాయండి: 1953-10-01. 1988లో వచ్చిన ఐఎస్ఓ 8601 ప్రమాణం చెప్పేది ఇదే. మన నాలుగు తేదీలను మొదట ఉన్నట్టే అక్షర క్రమంలో పేర్చి చూడండి, శ్రీబాగ్ ఒడంబడిక నంద్యాల జిల్లా తర్వాతకు పోతుంది. ఐఎస్ఓ వరుసలో రాసి పేరిస్తే చరిత్ర జరిగిన క్రమంలోనే వస్తుంది.

ఈసారి అభ్యాసం మూడు వరుసలు. మొదటిది 07/08/24, చివర ఒక ఖాళీ ఉంది. రెండోది 7.8.2024 12:15 ఏఎం. మూడోది 29/02/2023. మొదటి రెంటినీ ఒకే రోజుకు తీసుకురండి, రెండోదానిలో గంట ఎంత వచ్చిందో రాసుకోండి. మూడోదాన్ని ఎటునుంచి చదివినా ఎర్రరే వస్తుంది. దాన్ని ఎలా చదవాలో కాదు, ఎవరిని ఏమని అడగాలో ఒక వాక్యంలో రాయండి. ఆ తర్వాత, సెకన్ల సంఖ్యను తేదీగా, వేళగా మార్చే ఫ్రమ్‌టైమ్‌స్టాంప్ ఫంక్షన్‌కు సున్నా ఇచ్చి చూడండి. మన దేశపు వేళ పెట్టుకున్న కంప్యూటరులో 1970 జనవరి 1, ఉదయం 5:30 వస్తుంది. ఆ అయిదున్నర గంటలు ఎక్కడినుంచి వచ్చాయన్నది 5వ పాఠం.