నత్తనడక ఫోను – 3వ పాఠం: బ్యాటరీ

కిందటి పాఠంలో ర్యామ్, అంటే తెరిచిన యాప్‌లు పనిచేసే తాత్కాలిక మెమరీ, చూశాం. చాలా ఫోన్లలో అది ప్రాసెసర్ నెత్తిమీదే అతికి ఉంటుంది కాబట్టి, కంప్యూటర్‌లో లాగా ఒకటి పీకి ఇంకోటి పెట్టడం కుదరదని చెప్పుకున్నాం. మరి నెమ్మదించిన ఫోన్లో మార్చడానికి ఏం మిగిలింది? బ్యాటరీ.

బ్యాటరీ మారిస్తే ఛార్జింగ్ ఎక్కువసేపు నిలుస్తుందని అందరికీ తెలుసు. వేగం కూడా పెరగొచ్చంటే నేనే నమ్మలేదు, 2017 డిసెంబరు దాకా.

పాత ఇంట్లో మేడమీది ట్యాంకు, దానికి ఎప్పటిదో జీఐ పైపు అనుకోండి. పైపు లోపలంతా తుప్పు పట్టి సన్నబడింది. ఒక్క కుళాయి తిప్పితే నీళ్లు బాగానే వస్తాయి. వంటింట్లోనూ స్నానాల గదిలోనూ ఒకేసారి తిప్పితే ధార పడిపోతుంది. ట్యాంకు సగం నిండే ఉంది, కానీ ఏం లాభం? లిథియం అయాన్ బ్యాటరీ ముసలిదైతే జరిగేదీ ఇదే. దాని లోపలి నిరోధం, అంటే కరెంటు పారడానికి అడ్డు, పెరుగుతుంది. కెమెరా తెరవగానే ప్రాసెసర్ ఒక్కసారిగా ఎక్కువ కరెంటు లాగుతుంది, వోల్టేజీ దభీమని పడుతుంది, 40 శాతం చూపిస్తున్న ఫోను కాస్తా ఆగిపోతుంది.

ఇలా ఆగిపోకుండా ఐఫోన్ 6, 6ఎస్, ఎస్ఈ, 7లలో యాపిల్ ఒక పని చేసింది. బ్యాటరీ నీరసపడితే ప్రాసెసర్ పరుగుకే పగ్గం వేసింది. ఆలోచన తప్పని నేననను. వాడేవాళ్లకు సరిగ్గా చెప్పకపోవడమే తప్పు. 2017 డిసెంబరులో 6ఎస్ వాడే ఒకాయన బ్యాటరీ మార్చి, ఫోను వేగం కొలిచే గీక్‌బెంచ్ యాప్‌లో చూస్తే సింగిల్ కోర్ స్కోరు (ప్రాసెసర్‌లోని ఒక్క కోర్ వేగం) 1466 నుంచి 2526కి ఎగబాకింది. గొడవ ముదిరాక యాపిల్ విషయం ఒప్పుకుని, క్షమాపణ చెప్పి, అమెరికాలో బ్యాటరీ మార్పిడి ధరను 2018 చివరిదాకా 79 డాలర్ల నుంచి 29కి దించింది.

అలాగని ప్రతి ఫోనూ బ్యాటరీతో బాగుపడదు. పగ్గం పడని ఫోన్లో కొత్త బ్యాటరీ వేసినా వేగం అంతే.

ఇక ఇంటిపని. ఐఫోన్ అయితే సెట్టింగ్స్‌లో బ్యాటరీ హెల్త్ తెరిచి, మ్యాగ్జిమమ్ కెపాసిటీ (కొత్తలో పట్టిన ఛార్జిలో ఇప్పుడు ఎంత శాతం పడుతుందో ఆ లెక్క) ఎంతుందో రాసుకోండి. 80 శాతం కంటే తక్కువుంటే అనుమానించాల్సిందే. ఆండ్రాయిడ్‌లో అన్ని ఫోన్లూ ఈ లెక్క చూపించవు. 30, 40 శాతం ఉండగానే ఆగిపోయి, ఛార్జర్ పెట్టి ఆన్ చేయగానే మళ్లీ దాదాపు అంతే చూపిస్తోందా? అయితే బ్యాటరీ పని అయిపోయినట్టే. వెనక మూత ఉబ్బి లేచిందా, పరీక్షలు మానేసి, ఛార్జింగ్ పెట్టకుండా నేరుగా రిపేరు షాపుకు వెళ్లండి. నొక్కి సరిచేద్దామని మాత్రం చూడొద్దు.

మార్పించే ముందు ఫోన్ రీస్టార్ట్ చేసి, మీరు రోజూ వాడే మూడు యాప్‌లు తెరుచుకోవడానికి ఎన్ని సెకన్లు పడుతోందో కాగితం మీద రాయండి. మార్పించాక మళ్లీ రాయండి. రెండు లెక్కలూ ఒకేలా ఉంటే ఆ కాగితం దాచిపెట్టండి. నాలుగో పాఠంలో స్టోరేజీ దగ్గర దాంతో పని పడుతుంది.