మహానటుని జీవితాన్ని వ్యాసంగా రాయడం ఎలా? ఎస్వీ రంగారావు ఉదాహరణగా

ఎస్వీ రంగారావు గురించి రాయదలచినవారు పుట్టిన తేదీతో కాక, ఆయన చిత్రాలను విడుదలైన వరుసలో చూడడంతో పని మొదలుపెట్టాలి. 1951 నాటి ‘పాతాళభైరవి’లోని నేపాళ మాంత్రికుణ్ణి, 1957 నాటి ‘మాయాబజార్’లోని ఘటోత్కచుణ్ణి, 1963 నాటి ‘నర్తనశాల’లోని కీచకుణ్ణి పక్కపక్కన పెట్టి, ఒకే గొంతు మూడు విధాలుగా ఎలా పలికిందో, నడకలోనూ చూపులోనూ ఏమి మారిందో వివరంగా రాసుకోవాలి. వ్యాసానికి ప్రాణం ఇక్కడే ఉంది కనుక ఎక్కువ సమయం దీనికే కేటాయించండి. ఒక్కో సన్నివేశాన్ని ముందు సంభాషణలతో, ఆ తరువాత శబ్దం ఆపి చూస్తే, అంతటి నిండు విగ్రహం ఎంత పొదుపుగా కదిలిందో తెలిసి మనసు నిండిపోతుంది.

కీచక పాత్రకు జకార్తాలో జరిగిన ఆఫ్రో-ఆసియా చిత్రోత్సవంలో ఉత్తమ నటుడి బహుమతి లభించిన సంగతిని ఒక్క వాక్యంలో చెబితే చాలు; బిరుదుల జాబితా నటనను వివరించదు.

వ్యక్తిగత జీవితం నుండి 1918లో నూజివీడులో జననం, సినిమాలకు ముందు అగ్నిమాపక శాఖలో ఉద్యోగం, నాటకానుభవం, 1974లో మరణం వంటి నిర్ధారిత విషయాలనే తీసుకోవాలి. కుటుంబం గురించి వినవచ్చే కథలను, అవి ఎంత ఆసక్తికరంగా ఉన్నా, రెండు స్వతంత్ర ఆధారాలు దొరికేవరకు పక్కన పెట్టండి.