మెట్ల లైటు: రెండు స్విచ్‌లు, ఒక స్మార్ట్ మాడ్యూల్

కింద ఒకటి, పైన ఒకటి టూ-వే స్విచ్‌లు ఉన్న మెట్ల లైటుకు, పైకప్పు దగ్గర స్మార్ట్ రిలే మాడ్యూల్ (ఫోన్ యాప్‌తో లైటును వెలిగించి ఆపే చిన్న పరికరం) అమర్చాక, ఏ స్విచ్‌తో లైటు ఆపినా మాడ్యూల్‌కే కరెంటు ఆగిపోయి యాప్ పనిచేసేది కాదు. స్మార్ట్ బల్బు, రీసెట్, రౌటర్ జరపడం ఏవీ ఫలించలేదు.

చివరికి మెయిన్ ఆపి, టెస్టర్‌తో సరిచూసుకుని, మాడ్యూల్‌ను పై బోర్డులోకి మార్చాను. అక్కడి సాకెట్‌కు ఎప్పుడూ ఉండే ఫేజు, న్యూట్రల్‌లను ఎల్, ఎన్ టెర్మినళ్లకు ఇచ్చాను. పై స్విచ్ కామన్ టెర్మినల్ (స్విచ్ రెండు వైపులకూ ఉమ్మడిది) నుంచి లైటుకు వెళ్లే తీగను విప్పి మాడ్యూల్ అవుట్‌పుట్‌కు కలిపి, ఖాళీ అయిన ఆ కామన్ నుంచి జానెడు తీగను, స్విచ్ మార్పును మాడ్యూల్‌కు తెలిపే ఎస్ టెర్మినల్‌కు వేశాను. రెండు స్విచ్‌ల మధ్య నడిచే జంట తీగలను కదపనే లేదు. తరువాత యాప్‌లో స్విచ్ రకాన్ని ‘ఎడ్జ్’గా మార్చాను, కీలకం ఇదే, ఎందుకంటే అప్పుడు మాడ్యూల్, స్విచ్ ఏ వైపు ఉందన్నది పట్టించుకోకుండా, ప్రతి మార్పుకూ లైటు స్థితిని తిప్పుతుంది.

ఇది అన్ని ఇళ్లకూ కుదురుతుందని చెప్పలేను. ఎస్ టెర్మినల్ 230 వోల్టులను తట్టుకునే రకం కావాలి. బయటి కరెంటు తగలకూడని డ్రై కాంటాక్ట్ రకమైతే కాలిపోవచ్చు. మూడు ఫేజుల ఇంట్లో రెండు బోర్డులూ ఒకే ఫేజు, ఒకే ఎంసీబీ (లోడు ఎక్కువైతే సరఫరాను ఆపే స్విచ్) మీద ఉన్నాయో లేదో ముందుగా ఎలక్ట్రీషియన్‌కు చూపించుకోవాలి.