సరస్సు ఒడ్డున క్యాబిన్, ఆర్వీ క్యాంపింగ్: బయల్దేరే ముందు చూసుకోవాల్సినవి

అడవిలో సరస్సు పక్కన క్యాబిన్ బుక్ చేసుకున్నాం అనగానే చాలామంది ముందుగా అడిగేది "అక్కడ ఎలుగుబంట్లు ఉంటాయా?" అనే. ఉండొచ్చు. కానీ వాటికంటే ముందు భయపడాల్సినవి రెండున్నాయి. ఒకటి మూసిన గదిలో చేరే కార్బన్ మోనాక్సైడ్, రెండోది మంచు కరిగిన కొత్తలో సరస్సు నీళ్లు. చూడ్డానికి రెండూ ప్రమాదంలా ఉండవు, అందుకే సామాన్ల లిస్టులో వీటికి చోటు దొరకదు. చలి తగ్గి సీజన్ మొదలవగానే క్యాబిన్‌కో, ఆర్వీ (లోపలే వండుకుని పడుకునే వీలున్న బండి) వేసుకునో వెళ్లేవాళ్లు మిగతా సర్దుళ్లకంటే ముందు ఈ రెండిటి సంగతి తేల్చుకోవాలి.

హీటర్, పొయ్యి, జనరేటర్, బొగ్గులు మండేటప్పుడు వెలువడే కార్బన్ మోనాక్సైడ్ గ్యాస్‌కి రంగు లేదు, వాసన లేదు. రక్తంలోని హిమోగ్లోబిన్‌ని అది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. ఊపిరి మామూలుగానే ఆడుతున్నట్టు ఉంటుంది గానీ ఒంటికి ఆక్సిజన్ అందదు. తలనొప్పి, కళ్లు తిరగడం, వికారం మొదలవుతాయి. రోజంతా డ్రైవ్ చేసి వచ్చినవాళ్లు ఇదంతా ప్రయాణ బడలిక అనుకుని పడుకుంటారు. నిద్రలో ఉన్నవాళ్లకి ఆ లక్షణాలు కూడా తెలియవు. ఒకే గదిలో ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి వచ్చినా, బయటి గాలికి నిలబడితే తగ్గుతున్నా అనుమానించాల్సిందే. కిటికీలు తెరుస్తూ లోపల ఆలస్యం చేయకుండా అందరూ బయటికొచ్చి ఎమర్జెన్సీ నంబర్‌కి ఫోన్ చేయండి.

ఈ గ్యాస్‌ని పసిగట్టి మోగే డిటెక్టర్ ఉందిగా అని ధీమా పడేముందు దాన్ని గోడ మీంచి తీసి వెనక్కి తిప్పండి. తయారైన తేదీ, ఎప్పుడు మార్చాలన్నదీ సాధారణంగా అక్కడే ఉంటాయి. మోడల్‌ని బట్టి దాని ఆయుష్షు సుమారు 5 నుంచి 10 ఏళ్లు. టెస్ట్ బటన్ నొక్కితే బీప్ మని మోగుతుంది, మనకి ధైర్యం వస్తుంది. అయితే బ్యాటరీ, సైరన్ పనిచేస్తున్నాయని తెలుసుకోవడానికే ఆ బటన్. లోపలి సెన్సర్‌కి గ్యాస్‌ని పసిగట్టే శక్తి ఇంకా ఉందో లేదో దానివల్ల తెలియదు. తేదీ దాటితే మార్చేయడమే. అద్దె క్యాబిన్‌కి వెళ్తుంటే బ్యాటరీతో నడిచేది ఒకటి మీరే కొని పట్టుకెళ్లండి. ఆర్వీలో వంటకీ హీటర్‌కీ వాడే ప్రొపేన్ గ్యాస్ లీకుని పట్టే డిటెక్టర్ కూడా ఉంటుంది. ప్రొపేన్ గాలి కంటే బరువు, కిందికి చేరుతుంది కాబట్టి దాన్ని నేలకు దగ్గర్లో బిగిస్తారు. దాని ముందు బ్యాగులు, చెప్పులు పేర్చకండి.

శీతాకాలమంతా కదలకుండా ఉన్న ఆర్వీ అయితే బయటి గోడ వైపు వెళ్లి, హీటర్ పొగ బయటికి వచ్చే గొట్టంలోకి టార్చ్ వేసి చూడండి. కందిరీగలు మట్టిగూడు కట్టి ఉండొచ్చు, సాలీళ్లు దట్టంగా అల్లేసి ఉండొచ్చు. దారి మూసుకుపోతే మంట సరిగ్గా మండదు, ఆ పొగ లోపలికి తిరగొచ్చు. క్యాబిన్‌లో కట్టెల పొయ్యి ఉంటే చిమ్నీ ఎప్పుడు శుభ్రం చేయించారో ఓనర్‌ని అడగండి. అడగడానికి మొహమాటపడొద్దు. జనరేటర్‌ని కనీసం 20 అడుగుల దూరంలో, పొగ గొట్టం మీకూ పక్కవాళ్లకీ ఎదురుగా లేకుండా పెట్టాలి. ఎంత చలేసినా గ్యాస్ స్టవ్ వెలిగించి గది వేడి చేసుకోవడం, వంటయ్యాక బొగ్గుల గ్రిల్ లోపలికి తెచ్చుకోవడం అస్సలు వద్దు. ఆరినట్టు కనిపించే బొగ్గులు గంటల తరబడి ఈ గ్యాస్‌ని వదులుతూనే ఉంటాయి.

ఇక నీళ్లు. వసంతంలో ఒడ్డున 25 డిగ్రీల ఎండ కాస్తుంటే, మొన్నటిదాకా గడ్డకట్టి ఉన్న సరస్సులో నీళ్లు 10 డిగ్రీలు కూడా దాటకపోవచ్చు. గాలి వెచ్చబడ్డంత త్వరగా నీళ్లు వెచ్చబడవు. అలాంటి నీళ్లలో పడగానే మనకి తెలియకుండానే నోరు తెరిచి గుప్పున గాలి పీల్చేస్తాం. ఆ క్షణంలో తల నీళ్లలో ఉంటే ఊపిరితిత్తుల్లోకి నీళ్లే వెళ్తాయి. ఈతలో ఆరితేరినవాళ్లకీ ఇది తప్పదు. చల్లటి నీళ్ల గురించి 1-10-1 అని ఒక లెక్క చెబుతారు: ఊపిరి అదుపులోకి రావడానికి సుమారు 1 నిమిషం, చేతులూ కాళ్లూ మాట వినేది దాదాపు 10 నిమిషాలు, ఒళ్లు చల్లబడి స్పృహ తప్పడానికి సుమారు 1 గంట. చలికి ఒళ్లు గడ్డకట్టి పోతారనుకుంటాం గానీ, చాలామంది ఆ గంట దాకా రానే రారు. ఊపిరి తప్పో, చేతులు పనిచేయకో ముందే మునిగిపోతారు.

అందుకే లైఫ్ జాకెట్ పడవలో సీటు కింద ఉంటే లాభం లేదు, ఒంటి మీద ఉండాలి. పడ్డాక నీళ్లలో వేసుకోవడం దాదాపు అయ్యే పని కాదు. పడితే మొదటి నిమిషం ఈత కొట్టాలని చూడకండి. ముఖం పైకి పెట్టి తేలుతూ ఊపిరి నిలబెట్టుకోండి, ఆ తర్వాత పడవని పట్టుకుని వీలైనంతవరకు ఒంటిని నీళ్లలోంచి బయటికి లాగండి. బయటికి తీసినవాళ్లకి తడి బట్టలు మార్చి దుప్పట్లు చుట్టి, ముందు ఛాతీ, మెడ భాగం వెచ్చబరచాలి. చేతులూ కాళ్లూ గట్టిగా రుద్దకూడదు, మద్యం తాగించకూడదు. పిల్లలు ఒడ్డున ఆడుతుంటే పెద్దవాళ్లొకరు ఫోన్ చూడకుండా, చెయ్యి చాస్తే పిల్లలు అందేంత దగ్గర్లో కూర్చోవాలి. మునిగే పిల్లలు సాధారణంగా కేకలు పెట్టరు.

నెలల తరబడి మూసి ఉన్న క్యాబిన్ తలుపు తీయగానే చీపురు పట్టుకోవడం మనకి అలవాటు. ఎలుక పెంటికలు కనిపిస్తే మాత్రం ఊడ్చొద్దు, వాక్యూమ్ కూడా వద్దు. కొన్ని ప్రాంతాల్లో ఆ దుమ్ము పీలిస్తే హాంటా వైరస్ సోకొచ్చు, దానివల్ల వచ్చేది ప్రాణం తీయగల జబ్బు. తలుపులూ కిటికీలూ తెరిచి అరగంట బయట ఉండండి. తర్వాత గ్లవ్స్ వేసుకుని, 1 వంతు బ్లీచ్‌కి 9 వంతుల నీళ్లు కలిపి పెంటికల మీద చల్లి, 5 నిమిషాలు నాననిచ్చి, పేపర్ టవల్‌తో ఎత్తి పారేయాలి.

పిడుదుల సంగతి తర్వాతెప్పుడో చూద్దాంలే అనుకోకండి. లైమ్ వ్యాధిని మోసే రకంలో పిల్ల పిడుదు గసగస గింజంతే ఉంటుంది. రోజూ సాయంత్రం మోకాళ్ల వెనక, చంకల్లో, చెవుల వెనక, జుట్టులో వెతుక్కోవాలి. కనిపిస్తే సన్నమొన పట్టకారుతో చర్మానికి ఆనించి పట్టుకుని తిన్నగా లాగేయండి. నూనె పూయడం, అగ్గిపుల్లతో కాల్చడం వద్దు. ఎంత త్వరగా తీస్తే జబ్బు అంటుకునే అవకాశం అంత తక్కువ. నెలలోపు దద్దురు పాకుతున్నా జ్వరం వచ్చినా పిడుదు కుట్టిన సంగతి డాక్టర్‌కి చెప్పండి.

ఎలుగుబంట్ల విషయం నిజానికి తేలిక. తిండి, చెత్త, టూత్‌పేస్ట్, కుక్క మేత, ఏదీ రాత్రి బయట ఉండకూడదు, గ్రిల్ కడిగేయాలి. కట్టెలు ఇంటి నుంచి మోసుకెళ్లకండి, దిగిన చోటే కొనండి. ఉత్తర అమెరికాలో 2002లో డెట్రాయిట్ దగ్గర బయటపడి, ఆ తర్వాత కోట్ల యాష్ చెట్లను చంపిన ఎమరాల్డ్ యాష్ బోరర్ అనే పురుగు దూర ప్రాంతాలకి పాకడానికి ఇలా మోసుకెళ్లిన కట్టెలు ఒక పెద్ద కారణం. మంట ఆర్పేటప్పుడు నీళ్లు పోసి, బూడిద కలియబెట్టి, మళ్లీ పోయాలి. చెయ్యి దగ్గర పెడితే వేడి తగలకూడదు.

ఆర్వీ టైర్లకి గీతలు బాగున్నాయని సరిపెట్టుకోవద్దు. టైరు పక్కన ఉండే కోడ్‌లో చివరి నాలుగంకెలు తయారైన వారం, సంవత్సరం. 2319 అంటే 2019లో 23వ వారం. అరగకపోయినా ఏళ్లు గడిస్తే రబ్బరు పగుళ్లిస్తుంది. వెనక తగిలించుకునే ట్రైలర్ అయితే మొత్తం బరువులో 10 నుంచి 15 శాతం ముందు కొక్కెం మీద పడేలా సామాను సర్దాలి. వెనక బరువెక్కితే హైవే మీద ట్రైలర్ అటూ ఇటూ ఊగుతుంది. ఉరుము వినపడితే నీళ్లలోంచి వెంటనే బయటికి రండి, ఆఖరి ఉరుము తర్వాత 30 నిమిషాలు ఆగండి. టెంట్ కిందో చెట్టు కిందో కాకుండా ఇనుప పైకప్పున్న కారులో కూర్చోండి.

అడవిలో ఫోన్ సిగ్నల్ పోవడం మామూలే. కాబట్టి క్యాబిన్ పూర్తి చిరునామా లేదా క్యాంప్‌సైట్ నంబర్, దగ్గర్లోని ఆసుపత్రి, సిగ్నల్ దొరికే చోటు వెళ్లిన రోజే కాగితం మీద రాసి తలుపు పక్కన అంటించండి. సాయం అడిగేవాళ్లు తమరెక్కడున్నారో చెప్పగలగాలి, కాబట్టి ఆ కాగితం పిల్లలకి కూడా చూపించండి.