ల్యాప్‌టాప్ బ్యాటరీ ఆరోగ్యాన్ని పరీక్షించే విధానం

స్క్రీన్ మూలన కనిపించే శాతం ప్రస్తుతం ఎంత ఛార్జింగ్ ఉందో మాత్రమే చెబుతుంది. అసలు ఆ బ్యాటరీ ఎంత ఛార్జింగ్ పట్టగలదో చెప్పదు. సామర్థ్యం సగానికి పడిపోయిన బ్యాటరీ కూడా నిండినప్పుడు నూరు శాతమే చూపిస్తుంది. అందుచేత విజయవాడ గవర్నర్‌పేటలోనో గుంటూరు బ్రాడీపేటలోనో సెకండ్ హ్యాండ్ ల్యాప్‌టాప్ కొనదలచినవారు బేరం కుదుర్చుకోకముందే, దుకాణదారు ఎదుటే ఈ పరీక్ష చేసుకోవడం మంచిది. యంత్రం ఇచ్చే నివేదిక చూసేందుకు ఐదు నిమిషాలు కూడా పట్టదు.

విండోస్ ఉన్న యంత్రంలో స్టార్ట్ మెనూ నుంచి, ఆదేశాలు టైప్ చేసే కమాండ్ ప్రాంప్ట్ అనే నల్లటి తెరను తెరవాలి. ఇంగ్లిష్‌లో ‘పవర్’ అనే పదానికి సి, ఎఫ్, జి అక్షరాలను ఆనించి టైప్ చేసి, ఒక ఖాళీ వదిలి, ప్రశ్న గుర్తు ఉన్న మీట మీదే ఉండే స్లాష్ పెట్టి, దాని వెంటనే ‘బ్యాటరీరిపోర్ట్’ అని ఒకే పదంగా రాసి ఎంటర్ నొక్కాలి. నివేదిక ఏ ఫోల్డర్‌లో చేరిందో ఆ నల్లటి తెర మీదే కనిపిస్తుంది. ఆ ఫైలును బ్రౌజర్‌లో తెరిస్తే పైభాగంలోనే డిజైన్ కెపాసిటీ, ఫుల్ ఛార్జ్ కెపాసిటీ అనే రెండు అంకెలు మిల్లీవాట్ అవర్లలో ఉంటాయి. మొదటిది తయారైనప్పటి సామర్థ్యం, రెండోది నేటి సామర్థ్యం. మొదటిది 42,000, రెండోది 31,500 అయితే బ్యాటరీ ఆరోగ్యం 75 శాతమన్న మాట. నా అభిప్రాయంలో 80 శాతానికి పైన ఉంటే నిశ్చింతగా తీసుకోవచ్చు. 60 కంటే తగ్గితే కొత్త బ్యాటరీ ఖర్చును ధరలోంచి తగ్గించమని అడగడం న్యాయం.

అదే నివేదికలో సైకిల్ కౌంట్, అంటే నూరు శాతం ఛార్జింగ్ మొత్తం ఎన్నిసార్లు ఖర్చయిందన్న లెక్క కూడా ఉంటుంది. ఇవాళ సగం, రేపు సగం వాడితే రెండూ కలిపి ఒక సైకిల్‌గా లెక్క. కొన్ని యంత్రాలు ఈ అంకెను చూపవు కాబట్టి అది లేనంత మాత్రాన అనుమానపడనక్కర్లేదు.

మ్యాక్‌బుక్‌లో సిస్టమ్ సెట్టింగ్స్‌లోని బ్యాటరీ విభాగంలో ఆరోగ్య స్థితి కనిపిస్తుంది. ఆప్షన్ మీట నొక్కి పట్టుకుని యాపిల్ మెనూ తెరిచి, సిస్టమ్ ఇన్ఫర్మేషన్‌లో పవర్ అనే చోటికి వెళితే సైకిల్ కౌంట్ కూడా తెలుస్తుంది. ఇటీవలి మోడళ్లకు యాపిల్ పెట్టిన పరిమితి 1000 సైకిళ్లు.

అయితే నివేదికను ఒక్కదాన్నే నమ్ముకోకూడదు. బ్యాటరీలోని చిప్ వేసుకున్న అంచనానే ఆ నివేదిక మనకు చూపిస్తుంది గనుక, అసలు కంపెనీది కాని బయటి రకం బ్యాటరీ మార్చి వేసినప్పుడు ఆ అంకెలు వాస్తవానికి దూరంగా ఉండవచ్చు. నూరు శాతం ఛార్జ్ చేసి, ఛార్జర్ తీసేసి, వెలుతురు సగానికి పెట్టి ఒక గంట వీడియో నడిపి ఎంత శాతం తగ్గిందో చూడాలి. తగ్గుదల నిలకడగా ఉంటే మంచిదే. నలభై దగ్గర ఉన్న అంకె ఒక్కసారిగా ఐదుకు పడిపోయినా, యంత్రం దానంతటది ఆగిపోయినా లోపలి సెల్ ఏదో చెడిందని భావించాలి.

మన ప్రాంతంలో బ్యాటరీకి ప్రధాన శత్రువు ఎండ. లిథియం అయాన్ సెల్ వేడిలో, అందులోనూ పూర్తిగా నిండి ఉన్నప్పుడు, త్వరగా క్షీణిస్తుంది. రోహిణి కార్తెలో ఎండలో నిలిపిన కారులో ల్యాప్‌టాప్ వదిలి వెళ్లడం, పరుపు మీద పెట్టి గాలి రంధ్రాలు మూసుకుపోయేలా వాడడం అసలు చేయకూడని పనులు. రోజంతా ఛార్జర్‌కు తగిలించి పనిచేసేవారు లెనోవో, ఆసుస్, డెల్ వంటి కంపెనీలు తమ సాఫ్ట్‌వేర్‌లో ఇస్తున్న ఛార్జింగ్ పరిమితిని 80 శాతం దగ్గర పెట్టుకోవాలి.

టచ్‌ప్యాడ్ పైకి లేచినట్టున్నా, అడుగు పలక ఉబ్బి యంత్రం బల్ల మీద సమంగా నిలవకపోయినా ఏ అంకెలూ చూడనవసరం లేదు. వెంటనే ఛార్జర్ తీసేసి, యంత్రాన్ని ఆపి, సర్వీస్ సెంటర్‌లో బ్యాటరీని తీయించాలి. దాన్ని నొక్కడం, గుచ్చడం ప్రమాదకరం. మున్సిపాలిటీ చెత్తబండిలో వేయకుండా, ఈ-వ్యర్థాలు తీసుకునే చోటే అప్పగించాలి.