ఆస్ట్రేలియాకు ద్వీపాంతరవాసం వెళ్లిన బ్రిటిష్ ఖైదీ రికార్డులు: ఎక్కడ వెతకాలి, నకళ్లకు ఎలా దరఖాస్తు చేయాలి

సిడ్నీలోనో మెల్‌బోర్న్‌లోనో ఉండే మనవాళ్లకు ఈ పని ఎక్కువగా పిల్లల వల్లే మీద పడుతుంది. ఐదో తరగతిలో బ్రిటిష్ కాలనీల (వలస ప్రాంతాల) చరిత్ర వస్తుంది. ఒక ఖైదీ జీవితం రాసుకుని రమ్మని ప్రాజెక్టు ఇస్తారు. ఆ సంగతి అమ్మానాన్నలకు ఆదివారం రాత్రి తొమ్మిదింటికి తెలుస్తుంది. ఇంకొందరికి ఆస్ట్రేలియన్ అల్లుడో కోడలో వచ్చాక, వాళ్ల పూర్వీకుల్లో ఒకాయన ఖైదీగా ఓడ దిగాడని తెలిసి కుతూహలం మొదలవుతుంది. ఒకప్పుడు ఆ మాట దాచుకునేవాళ్లు, ఇప్పుడు గొప్పగా చెప్పుకుంటారు.

1788 నుంచి 1868 దాకా బ్రిటన్, ఐర్లాండ్‌ల నుంచి సుమారు 1,60,000 మందిని ఇలా పంపారు. ఇంతమందిలో మీకు కావలసిన మనిషిని పట్టుకోవాలంటే పేరొక్కటే చాలదు, ఓడ పేరు కావాలి. మన దగ్గర పొలం కాగితాలకు సర్వే నంబరు ఎలాగో, ఖైదీ కాగితాలకు ఓడ పేరు అలాగ. ఒకే ఓడ చాలాసార్లు తిరిగి ఉంటుంది కాబట్టి, వచ్చిన సంవత్సరం సబ్‌డివిజన్ నంబరు లాంటిది. ఈ రెండూ చేతికొచ్చేదాకా ఎవరికీ రూపాయి కట్టకండి. నేను ఆత్రంగా ఒక మరణ ధ్రువపత్రం తెప్పించాను. తీరా చూస్తే అదే పేరున్న వేరే ఆయనది. డబ్బు పోయింది, పనిలో పనిగా మా వాడి ముందు పరువూ పోయింది.

ముందు ఉచితంగా వెతకండి

ఓడ పేరు కోసం మొదట క్వీన్స్‌లాండ్ స్టేట్ లైబ్రరీ వాళ్ల ఖైదీల రవాణా రిజిస్టర్ల డేటాబేస్ చూడండి. లండన్‌ క్యూ (Kew) ప్రాంతంలోని నేషనల్ ఆర్కైవ్స్‌లో ఉన్న హెచ్ఓ 11 (హెచ్ఓ అంటే హోం ఆఫీస్, బ్రిటన్ హోంశాఖ) రిజిస్టర్ల నుంచి తీసిన 1,23,000కు పైగా పేర్లు అందులో ఉన్నాయి. పేరు, విచారణ జరిగిన చోటు, తేదీ, శిక్ష ఎన్నేళ్లు, ఓడ ఏది అన్నవి దొరుకుతాయి. నేరం ఏమిటో, వయసెంతో ఆ రిజిస్టర్లలో రాయలేదు. అది లేదని కంగారు పడకండి, అది వేరే కాగితంలో ఉంటుంది. లండన్‌లో విచారణ జరిగి ఉంటే అక్కడి పాత క్రిమినల్ కోర్టు కేసుల వెబ్‌సైట్ ఓల్డ్ బెయిలీ ఆన్‌లైన్‌లో కేసు వివరాలు చదువుకోవచ్చు.

తర్వాత ఓడ ఏ కాలనీకి వెళ్లిందో దాన్నిబట్టి దారి మారుతుంది.

టాస్మేనియా అయితే మీ అదృష్టం. లైబ్రరీస్ టాస్మేనియా వాళ్ల నేమ్స్ ఇండెక్స్‌లో పేరు కొడితే అసలు పేజీ ఫొటోలే వస్తాయి. దరఖాస్తు లేదు, ఫీజు లేదు. ప్రవర్తన రిజిస్టరు పేజీ ఒక్కటి తెరిచి చూడండి, మనిషి కళ్ల ముందు నిలబడతాడు. ఎత్తు ఎన్ని అడుగులు ఎన్ని అంగుళాలు, కళ్ల రంగు, చేసే పని, చేతి మీద పచ్చబొట్టుగా లంగరు బొమ్మ, ప్రియురాలి పేరులోని అక్షరాలు. కింద తారీఖుల వారీగా చేసిన తప్పులు: తాగి దొరికాడు, యజమానికి ఎదురు చెప్పాడు. పక్కనే ఎన్ని కొరడా దెబ్బలో, ఎన్ని రోజులు ఒంటరి గదో. చేతిరాత గొలుసుకట్టుగా ఉంటుంది, పొడి అక్షరాలు ఎక్కువ. టీఎల్ అంటే టికెట్ ఆఫ్ లీవ్, అంటే గడువుకు ముందే సొంతంగా పని చేసుకుని బతకడానికిచ్చిన అనుమతి. సీపీ అంటే షరతులతో క్షమాభిక్ష.

పశ్చిమ ఆస్ట్రేలియాకు 1850 నుంచి 1868 వరకే పంపారు, అదీ మగవాళ్లనే. ఫ్రీమాంటిల్ జైలు వాళ్ల డేటాబేస్‌తో మొదలుపెట్టండి.

న్యూసౌత్‌వేల్స్: నకలు తెప్పించుకోవడం

ఇక్కడ రికార్డులు మ్యూజియమ్స్ ఆఫ్ హిస్టరీ న్యూసౌత్‌వేల్స్ దగ్గర ఉంటాయి. ఖైదీల ఇండెక్స్ ఆన్‌లైన్‌లో ఉచితం. పేరు దొరికాక దాని ఎదురుగా సిరీస్ నంబరు, ఐటెమ్ నంబరు, రీల్ (మైక్రోఫిల్మ్ చుట్ట) నంబరు ఉంటాయి. వాటిని ఉన్నదున్నట్టు రాసుకోండి, నకలు అడిగేటప్పుడు కావలసింది అవే. సిడ్నీలో ఉన్నవాళ్లు కింగ్స్‌వుడ్ రీడింగ్ రూమ్‌కు వెళ్లి చూసుకుంటే ఖర్చు తగ్గుతుంది.

మరణ ధ్రువపత్రం మాత్రం జనన, మరణ, వివాహ రిజిస్ట్రీ నుంచి తీసుకోవాలి. 30 ఏళ్లు దాటిన మరణాలు, 50 ఏళ్లు దాటిన పెళ్లిళ్లు, 100 ఏళ్లు దాటిన జననాలు ఇండెక్స్‌లో అందరికీ కనిపిస్తాయి. రిజిస్ట్రేషన్ నంబరు, సంవత్సరం చూసుకుని, ఆన్‌లైన్‌లో ఫారం నింపి కార్డుతో ఫీజు కట్టాలి. ఫీజు మారుతుంటుంది, కట్టే రోజున చూసుకోండి. స్కూలు ప్రాజెక్టుకైతే ముద్ర ఉన్న ధ్రువపత్రం అక్కర్లేదు. రిజిస్ట్రీ అనుమతి ఉన్న ట్రాన్స్‌క్రిప్షన్ ఏజెంట్లు అందులోని వివరాలు టైపు చేసి తక్కువకే ఇస్తారు.

ఈ ధ్రువపత్రానికి పెట్టిన డబ్బు వృథా కాదు. తల్లిదండ్రుల పేర్లు, పుట్టిన ఊరు, కాలనీలో ఎన్నేళ్లున్నారు, పెళ్లి, పిల్లలు అన్నీ ఒకే కాగితంలో ఉంటాయి. కాకపోతే ఇదంతా 1856 మార్చి నుంచే. అంతకుముందు పోయినవాళ్లకు చర్చి రిజిస్టర్లే గతి.

ఆస్ట్రేలియా 20 డాలర్ల నోటు మీద ఉన్న మేరీ రీబీనే తీసుకోండి, ఆమె కూడా ఖైదీగా వచ్చినావిడే. 1777లో పుట్టింది. అబ్బాయి వేషంలో జేమ్స్ బర్రో అన్న పేరుతో తిరుగుతూ గుర్రం దొంగతనం కేసులో పట్టుబడింది. 1791లో ఇంగ్లండ్‌లోని స్టాఫర్డ్‌లో ఏడేళ్ల శిక్ష పడింది. 1792లో రాయల్ అడ్మిరల్ ఓడలో సిడ్నీ వచ్చింది. అసలు ఇంటిపేరు హేడాక్, రీబీ పెళ్లి తర్వాత వచ్చింది. రీబీ అని వెతుకుతూ కూర్చుంటే స్టాఫర్డ్ కాగితాల్లో ఏమీ దొరకదు. పోయింది 1855లో, అంటే ఆ వివరమైన ధ్రువపత్రాలు మొదలవడానికి ఏడాది ముందు! అందుకే మూడు పేర్లతోనూ వెతకాలి.

లండన్ నుంచి కావాలంటే

క్యూ ఆర్కైవ్స్‌లో బంగారం లాంటివి క్షమాభిక్ష అర్జీలు: హెచ్ఓ 17, హెచ్ఓ 18. భార్య, ఊరివాళ్లు, ఒక్కోసారి కేసు పెట్టినవాళ్లే సంతకాలు పెట్టినవి ఉంటాయి. ఓడ డాక్టర్ల డైరీలు ఏడీఎమ్ 101 (నౌకాదళ శాఖ రికార్డులు)లో ఉంటాయి. దూరం నుంచి అడిగేవాళ్లు ముందు కేటలాగులో రిఫరెన్స్ నంబరు పట్టుకుని పేజ్ చెక్ కోసం దరఖాస్తు పెట్టాలి. వాళ్లు ఆ పేజీలు తీసి చూసి, నకలుకు ఎంతవుతుందో చెబుతారు. అప్పుడు రెండోసారి కట్టాలి. మొదటి ఫీజు తిరిగి రాదు. "ఫలానా ఆయన గురించి ఏమున్నా పంపండి" అని రాస్తే పని కాదు. స్వయంగా వెళ్లేవాళ్లకు రీడర్స్ టికెట్ (అసలు కాగితాలు చూడటానికిచ్చే కార్డు) ఉచితం, పేరుకు ఒక రుజువు, చిరునామాకు ఒక రుజువు పట్టుకెళ్లాలి.

ఐరిష్ ఖైదీ అయితే ఐర్లాండ్ నేషనల్ ఆర్కైవ్స్ వాళ్ల డేటాబేస్ ఉచితం. 1836కు ముందువి దొరక్కపోతే మీ తప్పు కాదు, ఆ రిజిస్టర్లు 1922లో డబ్లిన్‌లో తగలబడిపోయాయి. విచారణ చోటు దగ్గర మన దేశంలోని ఊరు కనిపించినా టైపింగ్ పొరపాటు అనుకోకండి. ఇండియాలోని దండుల్లో కోర్టుమార్షల్ అయిన బ్రిటిష్ సిపాయిలను కూడా ఆస్ట్రేలియా పంపారు.

చివరగా ఒక పొడి అక్షరం. 1828 జనాభా లెక్కల్లో సీఎఫ్ అని ఉంటే ఆ మనిషి ఖైదీ కాదు, స్వేచ్ఛగా వచ్చినవాడని అర్థం. మరోచోట అదే సీఎఫ్ శిక్ష పూర్తయినట్టు ఇచ్చే సర్టిఫికెట్ ఆఫ్ ఫ్రీడమ్. ఏ పుస్తకంలో చూశారో పక్కనే రాసిపెట్టుకోండి.